మూలనపడ్డ ఓపెన్‌సోర్స్ ఫోరం సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ నడిపించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోని ఫోరం సాఫ్ట్‌వేర్‌ను బతికించాలనుకునేవారి కోసం ఈ పేజీ. పాత ఫోరం సాఫ్ట్‌వేర్‌లలో ఎక్కువ భాగం పీహెచ్‌పీ (వెబ్ పేజీలు తయారుచేసే ప్రోగ్రామింగ్ భాష), మైఎస్‌క్యూఎల్ (డేటాబేస్)లతో రాసినవే కాబట్టి ఉదాహరణలు అక్కడి నుంచే తీసుకున్నాం. కోడ్ కంటే ముందు కాపాడుకోవలసినవి, ఆ కోడ్ మీద ఏళ్లుగా పోగుపడిన చర్చలు. ఎక్కడ సందేహం వచ్చినా ఒక్కటే చూడండి: ఇప్పుడు పాత వెర్షన్ నడుపుతున్న మనిషి, తన డేటా పోగొట్టుకోకుండా మీ వెర్షన్‌కు రాగలడా?

ప్రాజెక్టు నిజంగానే ఆగిపోయిందని ఎలా తెలుస్తుంది?

చివరి కమిట్ (కోడ్‌లో నమోదైన మార్పు) తేదీ ఒక్కటే చూసి తేల్చకండి. పని పూర్తయి నిలకడగా ఉన్న సాఫ్ట్‌వేర్‌కు కూడా ఏడాదిపాటు కమిట్లు ఉండకపోవచ్చు. చూడవలసినవి వేరే ఉన్నాయి. భద్రతా లోపం గురించి వచ్చిన ఫిర్యాదుకు జవాబు ఉందా? ఇప్పుడు మద్దతులో ఉన్న పీహెచ్‌పీ వెర్షన్ మీద తాజా విడుదల నడుస్తోందా? ఇతరులు పంపిన ప్యాచ్‌లను (దిద్దుబాట్లను) ఎవరైనా తెరిచి చూశారా? ఈ మూడింటికీ "లేదు" అని జవాబు వస్తే ప్రాజెక్టు ఆగిపోయినట్టే.

అలాగే మిగతా ఫోర్క్‌లన్నీ (ఇదే కోడ్‌ను కాపీ చేసుకుని విడిగా నడిపే రూపాలు) ఒకసారి తిరగేయండి. ఎవరో ఒకరు తమ సొంత సైటు కోసం సగం పని ఇప్పటికే చేసి ఉంటారు, బయటికి చెప్పి ఉండరు. వాళ్లను కలుపుకోవడం మీరు చేసే మొదటి మంచి పని అవుతుంది.

పాత మెయింటైనర్‌కు (ప్రాజెక్టును నడిపిన వ్యక్తికి) ఏమని రాయాలి, ఎన్నాళ్లు చూడాలి?

క్లుప్తంగా, మర్యాదగా, స్పష్టమైన అభ్యర్థనతో రాయండి. "ప్రాజెక్టు మాకు ఇచ్చేయండి" అంటే చాలామంది బిగుసుకుపోతారు. "పీహెచ్‌పీ 8 మీద నడిచేలా ఈ మార్పులు చేశాం, వీటిని విడుదల చేసే హక్కు ఇవ్వగలరా" అంటే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. చేసిన పని చూపించి అడగడం వేరు, ఊరికే అడగడం వేరు. ఎందుకు వదిలేశారని మాత్రం అడగవద్దు. వాళ్లు జీతం లేకుండా ఏళ్లపాటు చేసిన పని అది.

ఒప్పుకుంటే ఏమేమి చేతికి రావాలో ముందే రాసి పెట్టుకోండి: రిపాజిటరీ (కోడ్ దాచే చోటు) హక్కులు, డొమైన్ పేరు, డీఎన్ఎస్ ఖాతా, ప్యాకేజీ పేరు, విడుదలలపై సంతకం చేసే కీ, అనువాదాల ఖాతా, భద్రతా ఫిర్యాదులు వచ్చే మెయిల్. డొమైన్‌ను అందరూ మరిచిపోతారు. గడువు తీరిన డొమైన్‌ను ఎవరైనా కొనేస్తే, పాత ఫోరంలన్నీ "కొత్త వెర్షన్ వచ్చిందా" అని వాళ్లనే అడగడం మొదలుపెడతాయి.

నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి, మధ్యలో ఒకటి రెండు సార్లు వేరే దారుల్లో గుర్తుచేస్తే సరిపోతుంది. ప్యాకేజీ పేర్లకు కొన్నిచోట్ల రాసిన నియమాలున్నాయి. పైథాన్ ప్యాకేజీ సూచికకు పెప్ 541 ఉంది: యజమాని అందుబాటులో లేకపోవడం, గత పన్నెండు నెలల్లో విడుదల లేకపోవడం, యజమాని వైపు నుంచి ఏ కదలికా లేకపోవడం, ఈ మూడూ కలిస్తేనే ప్యాకేజీని వదిలేసినట్టు లెక్క.

జవాబే రాకపోతే ఫోర్క్ చేసుకోవచ్చా? అదే పేరు వాడవచ్చా?

కోడ్‌కు ఓపెన్‌సోర్స్ లైసెన్సు ఉంటే ఫోర్క్‌కు ఎవరి అనుమతీ అక్కర్లేదు. పేరు సంగతి వేరు. లైసెన్సు కోడ్‌ను ఇస్తుంది, పేరునూ లోగోనూ ఇవ్వదు. అందుకే వెబ్‌సైట్లు నడిపే మాంబో అనే సాఫ్ట్‌వేర్ నుంచి 2005లో విడిపోయినవాళ్లు జూమ్లా అని పేరు పెట్టుకున్నారు, ఓపెన్‌ఆఫీస్ నుంచి 2010లో బయటికొచ్చినవాళ్లు లిబ్రేఆఫీస్ అన్నారు. ఫోరంల ప్రపంచంలోనూ ఇదే వరస. పన్‌బీబీ నుంచి ఫ్లక్స్‌బీబీ పుట్టింది, సింపుల్ మెషీన్స్ ఫోరం నుంచి ఎల్క్‌ఆర్టే వచ్చింది. ఇసోటాక్, ఫ్లక్స్‌బీబీ బృందాలు చేతులు కలిపి ఫ్లారమ్ మొదలుపెట్టాయి.

చేతనైతే పాత పేరుతోనే కొనసాగించడం మేలు. ఫోర్క్ చేస్తే పాత ఫోరం నడిపేవాళ్లకు కబురు అందే దారి తెగిపోతుంది.

లైసెన్సు విషయంలో ఎక్కడ దెబ్బతింటారు?

ఎక్కువగా మూడు చోట్ల. మొదటిది, లైసెన్సు ఫైలే లేకపోవడం. ఎక్కడా రాయకపోతే సర్వహక్కులూ రచయితవే. డౌన్‌లోడ్‌కు ఉచితంగా దొరికినంత మాత్రాన పంచిపెట్టే హక్కు రాదు. పాత ఫోరంలలో కొన్ని సొంతంగా రాసుకున్న లైసెన్సులతో వచ్చాయి. సింపుల్ మెషీన్స్ ఫోరం కూడా 2.0తోనే బీఎస్‌డీ లైసెన్సుకు మారింది, దానికి ముందున్న 1.x వెర్షన్లకు వేరే నిబంధనలు.

రెండోది, జీపీఎల్ 2 అనే లైసెన్సు దగ్గర "లేదా ఆ తర్వాతి ఏ వెర్షన్ అయినా" అన్న మాట. ఆ మాట ఉంటే అపాచీ 2.0 లైసెన్సు ఉన్న లైబ్రరీని జీపీఎల్ 3 కింద కలుపుకోవచ్చు. లేకపోతే కలపకూడదు. ఒక్కో ఫైలు తల భాగం తెరిచి చదవండి. ప్రధాన ఫైలులో ఒక మాట, ఎడిటర్ ఫోల్డర్‌లో ఇంకో మాట ఉండడం మామూలే.

మూడోది, లైసెన్సు మార్చాలన్న ఉబలాటం. దానికి కోడ్ రాసిన ప్రతి ఒక్కరి ఒప్పుదల కావాలి. ఇరవై ఏళ్ల ప్రాజెక్టులో అది అయ్యే పని కాదు. ఉన్నదానితోనే సాగండి.

అసలు సోర్స్ కోడ్ చరిత్రే దొరకడం లేదు. ఏం చేయాలి?

చరిత్ర పాత వ్యవస్థల్లో ఉంటే, సబ్‌వర్షన్ అయితే గిట్-ఎస్‌వీఎన్‌తో, సీవీఎస్ అయితే సీవీఎస్‌టుగిట్‌తో, కోడ్ చరిత్ర దాచే గిట్‌లోకి తెచ్చుకోండి. తెచ్చే ముందు పాత యూజర్‌నేమ్‌లకు అసలు పేర్లను జతచేసే రచయితల ఫైలు తయారుచేయండి. తర్వాత సరిదిద్దాలంటే చరిత్ర మొత్తం తిరగరాయాలి. గూగుల్ కోడ్ 2016లో మూతపడ్డాక కొన్ని ప్రాజెక్టుల చరిత్ర కనిపించకుండా పోయింది. అలాంటివాటి కోసం సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ భండారంలో, వేబ్యాక్ మెషీన్‌లో వెతకండి.

జిప్ ఫైళ్లు మాత్రమే దొరికితే, ఒక్కో విడుదలను దాని అసలు తేదీతో ఒక్కో కమిట్‌గా వరసగా పెట్టండి. చరిత్ర ముతకగా ఉంటుంది కానీ, కోడ్‌లో ఒక వరస ఎప్పుడు మారిందో పట్టుకోవడానికి అదే ఆధారం.

మొదటి వారంలో ఏం చేయాలి?

కోడ్‌లో ఒక్క అక్షరమూ మార్చకండి. ముందు అది పుట్టిన కాలంలోనే దాన్ని నడపండి. పీహెచ్‌పీ 5.6, మైఎస్‌క్యూఎల్ 5.5 కంటైనర్లలో (మిగతా కంప్యూటర్‌కు తగలని విడి వాతావరణాల్లో), బయటి నెట్‌వర్క్‌కు తగలకుండా. మైఎస్‌క్యూఎల్ 8 పెడితే పాత పీహెచ్‌పీ అసలు కనెక్టే కాదు, ఎందుకంటే డీఫాల్ట్ పాస్‌వర్డ్ పద్ధతి మారింది.

తర్వాత, ఎవరైనా ఫోరం యజమాని ఇష్టపూర్వకంగా ఇచ్చిన నిజమైన డేటాబేస్ కాపీ సంపాదించండి. అందులోని మెయిల్ చిరునామాలు, ఐపీలు, ప్రైవేటు సందేశాలు, పాస్‌వర్డ్ హ్యాష్‌లు (పాస్‌వర్డ్‌కు బదులు దాచే, వెనక్కి మార్చలేని రూపాలు) తుడిచేసి మరీ వాడండి. ఖాళీ డేటాబేస్ మీద అన్నీ బాగానే పనిచేస్తాయి. తప్పులన్నీ పాత పోస్టుల్లో దాక్కుని ఉంటాయి.

ఇప్పుడు ఒక ఇరవై ముప్పై పనులకు బ్రౌజర్ ద్వారా నడిచే పరీక్షలు రాయండి: నమోదు, లాగిన్, కొత్త అంశం, జవాబు, కోట్ చేయడం, ఫైలు జతచేయడం, అంశాన్ని వేరే విభాగానికి మార్చడం, నిషేధం, వెతుకులాట. ఏది సరైనదో తేల్చడం వీటి పని కాదు. ఇప్పుడు ఎలా ప్రవర్తిస్తోందో రాసి పెట్టుకోవడమే. రేపు ఏదైనా మారితే వెంటనే తెలుస్తుంది.

పీహెచ్‌పీ 8కు తెస్తే ఏమేం విరుగుతాయి?

గట్టిగా విరిగేవి తేలిక. పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లూ మాటల్లో నమూనాలు వెతికే ఎరెగ్ కుటుంబమూ పీహెచ్‌పీ 7.0లో పోయాయి. ఈచ్, క్రియేట్ ఫంక్షన్, మేజిక్ కోట్స్ తనిఖీ చేసే ఫంక్షన్ 8.0లో పోయాయి. శ్రేణిలో కీ చుట్టూ కోట్స్ లేకుండా రాసిన పాత అలవాటు కూడా 8.0లో ప్రాణాంతక దోషమే. ఇవన్నీ పేజీ తెరవగానే తెరమీదే కనబడతాయి. రెక్టర్ అనే పనిముట్టు చాలావాటిని తానే మార్చేస్తుంది.

భయపడాల్సింది చప్పుడు లేకుండా మారేవాటి గురించి. పీహెచ్‌పీ 4 కాలంలో క్లాసు పేరుతోనే కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్ట్‌ను సిద్ధంచేసే ఫంక్షన్) రాసేవారు. 8.0 దాన్ని మామూలు ఫంక్షన్‌గానే చూస్తుంది. పిలవదు, గొడవా చేయదు. ఆబ్జెక్ట్ ఖాళీగా తయారవుతుంది, దోషం ఇంకెక్కడో బయటపడుతుంది. రెండోది పోలిక. సున్నాను అక్షరాల మాటతో రెండు సమాన చిహ్నాలతో పోలిస్తే మునుపు నిజం అయ్యేది, 8.0 నుంచి అబద్ధం. అనుమతులు తనిఖీ చేసే చోట ఇలాంటి పోలిక ఉంటే, మోడరేటర్ హక్కులు తారుమారవుతాయి. అనుమతుల ఫైళ్లను మనిషి కళ్లతో వరసవరసా చదవాల్సిందే, ఇక్కడ ఏ పనిముట్టునూ నమ్మకండి.

మూడోది డేటాబేస్ దోషాలు. డేటాబేస్‌తో మాట్లాడే మైఎస్‌క్యూఎల్ఐ, పీహెచ్‌పీ 8.1 నుంచి, దోషం వస్తే ఎక్సెప్షన్ (పనిని అక్కడే ఆపే దోష సంకేతం) విసురుతుంది. పాత కోడ్ మాత్రం విఫలమైన క్వెరీని చూసీచూడనట్టు వదిలేసి ముందుకు సాగేది. అలా ఏళ్లుగా విఫలమవుతున్న క్వెరీలు ఇప్పుడు ఒక్కసారిగా తెల్ల పేజీలవుతాయి. ఎక్సెప్షన్లను ఆపేయకండి, క్వెరీలు సరిచేయండి.

కోడ్‌ను నడపకుండానే దోషాలు పట్టే పీహెచ్‌పీస్టాన్‌ను సున్నా స్థాయిలో పెట్టి, ఇప్పటికే ఉన్న దోషాలన్నిటినీ బేస్‌లైన్ ఫైలులోకి తోసి, కొత్తవి రాకుండా ఆపడం మంచి ఆరంభం. మొదటి రోజే అన్నీ సరిచేయాలనుకుంటే రెండో వారానికి ఉత్సాహం అడుగంటుతుంది.

మైఎస్‌క్యూఎల్ 8 సంగతి?

ఫోరం సాఫ్ట్‌వేర్‌కు ప్రత్యేకంగా తగిలే దెబ్బ ఒకటుంది. "గ్రూప్స్", "ర్యాంక్" అనేవి 8.0లో కేటాయించిన పదాలయ్యాయి (మైఎస్‌క్యూఎల్ తన ఆదేశాలకే ఉంచుకున్నవి). చాలా ఫోరంలలో అవే పట్టికల, కాలమ్‌ల పేర్లు. వాటిని బ్యాక్‌టిక్‌ల మధ్య పెట్టాలి. 5.7 నుంచి కఠిన మోడ్ (తప్పు డేటాను తిప్పికొట్టే అమరిక), దాంతోపాటు ఇంకొన్ని కఠిన నియమాలు డీఫాల్ట్ కాబట్టి, సున్నాల తేదీలూ, గ్రూప్ బైలో లేని కాలమ్‌లను ఎంచుకునే క్వెరీలూ ఆగిపోతాయి. కఠిన మోడ్‌ను సర్వర్‌లో ఆపేయమని యజమానులకు సలహా ఇవ్వకండి. ఆ సలహా ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లలోనే సగం తెగిన పోస్టులు కనబడతాయి.

అప్‌గ్రేడ్ చేశాక తెలుగు పోస్టులన్నీ పిచ్చి గుర్తులయ్యాయి. తిరిగి వస్తాయా?

చాలాసార్లు వస్తాయి. ముందు బ్యాకప్ తీసుకోండి, తర్వాత కంటితో చూసి ఊహించడం మాని, బైట్లను అంకెలు, అక్షరాల జతలుగా చూపే హెక్స్ ఫంక్షన్‌తో అసలు బైట్లు చూడండి. తెలుగు కోడ్ పాయింట్ (అక్షరం, గుణింతం, హలంతం లాంటి ఒక్కో గుర్తు) ఒక్కొక్కటీ యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే ఎన్‌కోడింగ్ పద్ధతి) మూడు బైట్లు, మొదటి రెండూ ఈ0 బీ0 గానీ ఈ0 బీ1 గానీ అవుతాయి. "త" అంటే ఈ0 బీ0 ఏ4.

కాలమ్ లాటిన్-1 (పశ్చిమ ఐరోపా భాషల పాత ఎన్‌కోడింగ్) అని ఉండి, లోపల బైట్లు సరిగ్గా ఈ0 బీ0 ఏ4 అనే ఉంటే డేటా క్షేమం, చీటీ మాత్రమే తప్పు. ఆ కాలమ్‌ను నేరుగా యూటీఎఫ్-8కు మార్చకూడదు. మార్చితే మైఎస్‌క్యూఎల్ ఒక్కో బైటునూ లాటిన్ అక్షరమనుకుని మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది. ముందు బ్లాబ్‌గా మార్చి, అక్కడి నుంచి యూటీఎఫ్8ఎంబీ4 టెక్స్ట్‌గా మార్చండి. బ్లాబ్‌కు భాష తెలియదు కాబట్టి బైట్లు కదలవు.

అదే "త" స్థానంలో సీ3 ఏ0 సీ2 బీ0 సీ2 ఏ4 కనబడితే, రెండుసార్లు ఎన్‌కోడ్ అయిందన్నమాట. యూటీఎఫ్-8 కాలమ్‌లోకి లాటిన్-1 కనెక్షన్‌తో రాయడం వల్ల ఇలా జరుగుతుంది. దీనికి విరుగుడు: లాటిన్-1కు మార్చి, బైనరీగా మలిచి, మళ్లీ యూటీఎఫ్8ఎంబీ4గా చదవడం. ఒకే పట్టికలో కొన్ని వరసలు ఒకలా, కొన్ని ఇంకోలా ఉండవచ్చు, ఏదో ఒక ఏడాదిలో సర్వర్ మార్చి ఉంటారు. కాబట్టి వరసవరసకూ బైట్లు పరీక్షించి మార్చే స్క్రిప్టు రాయండి. ఒకసారి నడిపినదాన్ని రెండోసారి నడిపినా పాడవకుండా ఉండాలి.

హెక్స్‌లో 3ఎఫ్ 3ఎఫ్ 3ఎఫ్ అని వస్తే అవి నిజంగానే ప్రశ్నార్థక చిహ్నాలు. అక్షరాలు పోయాయి. పాత బ్యాకప్ తప్ప దారి లేదు.

ఇక్కడ ఇంకో నాలుగు గోతులున్నాయి. మైఎస్‌క్యూఎల్‌లో ఉత్త "యూటీఎఫ్8" అంటే మూడు బైట్లవరకే, ఇమోజీకి నాలుగు కావాలి. కఠిన మోడ్ లేనప్పుడు ఇమోజీ దగ్గరే పోస్టు తెగిపోయి మిగతాదంతా పోతుంది. అందుకే 5.5.3లో వచ్చిన యూటీఎఫ్8ఎంబీ4 వాడాలి. దాంతో 255 అక్షరాల కాలమ్ మీద ఇండెక్స్‌కు 1020 బైట్లు కావాలి, పాత ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్‌లో డేటా దాచే ఇంజిన్) హద్దు 767. పట్టికను డైనమిక్ వరస పద్ధతికి మార్చండి, లేదా ఇండెక్స్‌ను 191 అక్షరాలకు కుదించండి. మూడోది, సెట్టింగ్‌లను సీరియలైజ్ చేసి (ఒకే మాటగా మూటకట్టి) దాచిన కాలమ్‌లు. అందులో మాట పొడవు బైట్లలో రాసి ఉంటుంది. ఎన్‌కోడింగ్ మారి బైట్లు మారితే ఆ అంకె తప్పిపోయి సెట్టింగ్ మొత్తం చదవరాకుండా పోతుంది. అలాంటి కాలమ్‌లను పీహెచ్‌పీతో విప్పి, మార్చి, మళ్లీ కట్టాలి. నాలుగోది, పీహెచ్‌పీ 5.4 నుంచి హెచ్‌టీఎంఎల్ గుర్తులను మార్చే ఫంక్షన్ తన డీఫాల్ట్‌ను యూటీఎఫ్-8గా మార్చుకుంది. పీహెచ్‌పీ 8.1కు ముందు, చెల్లని బైటు ఒక్కటి ఉన్నా ఖాళీ మాట తిరిగిచ్చేది; 8.1 నుంచి డీఫాల్ట్‌గా ఆ చోట మారు గుర్తు పెడుతుంది. పోస్టు డేటాబేస్‌లో భద్రంగా ఉండి, 8.1కు ముందు వెర్షన్ మీద పేజీలో మాత్రం ఖాళీగా కనబడితే కారణం ఇదే కావచ్చు.

శీర్షికలను కత్తిరించే చోట సబ్‌స్ట్రింగ్ ఫంక్షన్ బైట్లను లెక్కపెడుతుంది. "స్త్రీ" అన్న మాట చూడడానికి ఒక్క అక్షరం, లోపల ఆరు కోడ్ పాయింట్లు, పద్దెనిమిది బైట్లు. మల్టీబైట్ ఫంక్షన్ వాడినా ఒత్తు విడిపోతుంది. కంటికి కనబడే అక్షరాలను లెక్కపెట్టే గ్రాఫీమ్ ఫంక్షన్లే మేలు, కానీ సర్వర్‌లోని ఐసీయూ లైబ్రరీ (యూనికోడ్ నియమాలు ఉండేది) పాతదైతే అవీ ఒత్తును విడదీయవచ్చు.

పాత ఎండీ5 పాస్‌వర్డ్‌లను ఎలా మార్చాలి? అందరినీ రీసెట్ చేయమనాలా?

అక్కర్లేదు. ఉన్న ఎండీ5 (తేలిగ్గా ఛేదించగల పాత పద్ధతి) హ్యాష్‌నే ఇన్‌పుట్‌గా తీసుకుని బీక్రిప్ట్ (ఛేదించడం చాలా కష్టమైన పద్ధతి) హ్యాష్ తయారుచేసి, పాతదాన్ని ఆ రోజే తుడిచేయండి. ఆ ఖాతా చుట్టబడినదని ఒక గుర్తు పెట్టండి. సభ్యుడు లాగిన్ అయినప్పుడు, చేతికొచ్చిన అసలు పాస్‌వర్డ్‌తో నేరుగా కొత్త హ్యాష్ రాసి ఆ గుర్తు తీసేయండి. "లాగిన్ అయినప్పుడు మారుస్తాం" అని మాత్రమే పెట్టుకుంటే, ఎప్పటికీ తిరిగిరాని వేలమంది ఎండీ5లు అలాగే పడి ఉంటాయి.

ముందుగా కాలమ్ పొడవు 255కు పెంచండి. పాత కాలమ్‌లో 32 అక్షరాలకే చోటుంటుంది, బీక్రిప్ట్ హ్యాష్‌కు 60 కావాలి. తెగిన హ్యాష్‌తో ఎవరూ లోపలికి రాలేరు, వెనక్కి తెచ్చే దారీ ఉండదు.

భద్రతా లోపాలు ఎక్కడ వెతకాలి?

క్వెరీలో వేరియబుల్‌ను నేరుగా అతికించిన చోట, బీబీకోడ్‌ను (పోస్టుల్లో లింకులు, బొద్దు అక్షరాలకు వాడే చదరపు బ్రాకెట్ల గుర్తులను) హెచ్‌టీఎంఎల్‌గా మార్చే చోట, ఫైలు అప్‌లోడ్‌లో, టోకెన్ (ఫారం మన సైటు నుంచే వచ్చిందని చూపే రహస్య గుర్తు) లేని అడ్మిన్ ఫారాల్లో. మాటల్లో వెతికి మార్చే ప్రెగ్ రీప్లేస్ ఫంక్షన్‌లో ఈ-మాడిఫయర్ కనబడితే అక్కడ ఆగి జాగ్రత్తగా చూడండి, వచ్చిన మాటను కోడ్‌గా నడిపిస్తుంది అది. పీహెచ్‌పీ 7.0 దాన్ని తీసేసింది.

2004 డిసెంబరులో శాంటీ అనే వార్మ్ పీహెచ్‌పీబీబీ ఫోరంల మీద పడింది. గూగుల్‌లో వెతికి బాధితులను తనే కనుక్కునేది. లోపాన్ని సరిచేసిన 2.0.11 వెర్షన్ అప్పటికే విడుదలై ఉంది, దానికి మారనివాళ్లే దెబ్బతిన్నారు. లోపం సరిచేస్తే సగం పనే అయినట్టు. మార్పు చేరాలి, దానికి అప్‌గ్రేడ్ సులువుగా ఉండాలి.

లోపాన్ని రహస్యంగా చెప్పడానికి ఒక చిరునామా మొదటి రోజే ప్రకటించండి, కనీసం ఇద్దరు దాన్ని చదవాలి.

మొత్తం కొత్తగా తిరగరాస్తే పోదా?

వద్దు. తిరగరాసినన్నాళ్లూ పాత ఫోరంలు లోపాలతోనే నడుస్తుంటాయి, ఆ లోపాలు సరిచేసే చేతులు కొత్త కోడ్‌లో ఇరుక్కుంటాయి. పైగా వికారంగా కనబడే ప్రతి "ఇఫ్" వెనక ఎవరో ఒకరి ఫిర్యాదు ఉంటుంది. దాన్ని తీసేస్తే ఆ ఫిర్యాదు మళ్లీ వస్తుంది. ముక్కముక్కగా మార్చండి: డేటాబేస్ పొర ముందు, తర్వాత లాగిన్, తర్వాత బీబీకోడ్. రూపం అన్నిటికన్నా చివర.

మొదటి విడుదలలో ఏం ఉండాలి?

కొత్త సదుపాయం ఒక్కటీ ఉండకూడదు. ప్రస్తుత పీహెచ్‌పీ మీద నడవాలి, తెలిసిన లోపాలు సరికావాలి, చివరి పాత వెర్షన్ నుంచి నేరుగా అప్‌గ్రేడ్ కావాలి. అప్‌గ్రేడ్ స్క్రిప్టు పెద్ద పట్టికలను ముక్కలుగా, ఉదాహరణకు వెయ్యేసి వరసలుగా మార్చాలి. షేర్డ్ హోస్టింగ్‌లో ముప్పై సెకన్లకు స్క్రిప్టు ఆగిపోవచ్చు, ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలవ్వాలి. కమాండ్ లైన్ లేనివాళ్లు, ఎఫ్‌టీపీతో ఫైళ్లు ఎక్కించేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. కంపోజర్‌తో తెచ్చుకునే బయటి లైబ్రరీలన్నీ కలిపిన జిప్ తప్పనిసరిగా ఇవ్వండి.

పాత అంశాల లింకులు విరగ్గొట్టకండి. చిరునామాలు మారక తప్పకపోతే ప్రతి పాత చిరునామా నుంచి 301 (శాశ్వత) దారిమళ్లింపు ఉండాలి.

ప్లగిన్లు, థీమ్‌లు విరిగితే?

విరుగుతాయి. ఎక్కువమంది వాడే ఐదారింటిని బృందమే సరిచేసి ఇవ్వాలి, మిగతావాటికి మారిన హుక్‌ల (ప్లగిన్లు తగులుకునే చోట్ల) పట్టిక రాయాలి. అప్‌గ్రేడ్ సమయంలో పాత ప్లగిన్లన్నిటినీ ఆపేసి, తర్వాత ఒక్కొక్కటే తెరవనివ్వండి.

స్పామ్?

పాత బొమ్మ క్యాప్చాలు ఇప్పుడు పనికిరావు. మనుషులకు కనబడని, స్పామ్ యంత్రాలు మాత్రమే నింపే హనీపాట్ గడి, కొత్త సభ్యుడి మొదటి రెండు పోస్టులు మోడరేటర్ చూశాకే బయటికి రావడం, కొత్తవాళ్లకు లింకుల నిషేధం. ఈ మూడూ చాలావరకు ఆపుతాయి.

కొత్తవాళ్లకు కమిట్ హక్కులు ఎప్పుడు ఇవ్వాలి?

తొందరపడకూడదు, అలాగని బిగబట్టుకోకూడదు. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీని అలసిపోయిన మెయింటైనర్, తనను అడిగిన కొత్తవ్యక్తికి అప్పగించాడు. ఆ వ్యక్తి బిట్‌కాయిన్ వాలెట్ దోచే కోడ్ కలిపాడు. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్) వ్యవహారంలో, రెండేళ్లకు పైగా ఓపికగా పనిచేసి నమ్మకం సంపాదించినవారే 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి పెట్టారు. కాబట్టి మనిషి మీద నమ్మకం ఒక్కటే చాలదు, పద్ధతి కావాలి. ఏ మార్పునైనా రెండో వ్యక్తి చదివాకే కలపాలి. విడుదల జిప్‌ను రిపాజిటరీ నుంచి యంత్రమే తయారుచేయాలి, ఎవరి ల్యాప్‌టాప్ నుంచీ రాకూడదు. ఎక్స్‌జెడ్‌లో దొంగదారిని మేల్కొలిపే భాగం విడుదల ఫైలులోనే ఉంది, గిట్‌లో లేదు.

అనువాదం, పత్రాల రచన, ఫిర్యాదుల వర్గీకరణ వంటి హక్కులు త్వరగా ఇవ్వండి. వాటిలో ప్రమాదం తక్కువ, మనుషులు నిలబడేది వాటితోనే. తాళాలన్నీ ఒక్కరి దగ్గరే ఉండనివ్వకండి. ప్రాజెక్టు మొదటిసారి ఆగిపోయింది బహుశా అందువల్లే.

ఎంత చేసినా సాగకపోతే?

అప్పుడు గౌరవంగా ముగించండి. వాడకంలో ఉన్న మరో ఫోరం సాఫ్ట్‌వేర్‌కు సభ్యులు, విభాగాలు, అంశాలు, పోస్టులు, జతచేసిన ఫైళ్లు తీసుకెళ్లే కన్వర్టర్ రాసి విడుదల చేయండి. చర్చలను చదవడానికి మాత్రమే ఉంచాలనుకునేవారికి, ఫోరం మొత్తాన్ని స్థిరమైన హెచ్‌టీఎంఎల్ పేజీలుగా మార్చే స్క్రిప్టు ఇవ్వండి. పీహెచ్‌పీ, డేటాబేస్ అవసరం లేకుండా అది ఏళ్లతరబడి నిలుస్తుంది. ఆ పేజీలు తయారుచేసేటప్పుడు లాగిన్ లేని సందర్శకుడిగానే తిరగాలి, లేకపోతే రహస్య విభాగాలు బయటపడతాయి. పని పూర్తయ్యాక డేటాబేస్‌లోని ప్రైవేటు సందేశాలు, ఐపీలు, మెయిల్ చిరునామాలు తుడిచేయాలి. రిపాజిటరీ మొదటి వరసలో ప్రాజెక్టు ముగిసిందనీ, కన్వర్టర్ ఎక్కడ ఉందో రాసి, ఆర్కైవ్ చేయండి. డొమైన్‌ను మాత్రం వదిలేయకుండా ఇంకొన్నేళ్లు పునరుద్ధరిస్తూ ఉండండి. పాత ఫోరంలు ఇంకా ఆ చిరునామాకే వస్తుంటాయి.